నత్తలిచ్చిన బిరుదు

ఢిల్లీలో నాకొక బిరుదు ఉండేది. దాదాపు మూడు నెలలు దాన్ని తలమీద పెట్టుకుని ఊరేగాను. ఆఫీసులో అందరూ నన్ను "ఘోంఘా బసంత్" అనేవాళ్లు. ఘోంఘా అంటే హిందీలో నత్త. ఆ మాట నాకు అప్పటికే తెలుసు, ఎందుకంటే ఆ రోజుల్లో నేను ఆఫీసు కోసం నత్తలు కొనే పనిలో ఉన్నాను. బసంత్ అంటే వసంతమని వేరే చెప్పక్కర్లేదు. రెండూ కలిపి "నత్తలకు వసంతం తెచ్చినవాడు" అని సమాసం చెప్పుకున్నాను. ఇది తత్పురుషమా, బహువ్రీహా అని మెట్రోలో నిలబడి కాసేపు ఆలోచించాను కూడా. చిన్నప్పుడు చదివిన వ్యాకరణం ఇన్నాళ్లకు అక్కరకొచ్చిందని పొంగిపోయాను.

ఆ రెండు మాటలూ కలిస్తే హిందీలో వచ్చే అర్థం శుద్ధ మొద్దు అని. మొద్దుల్లో కూడా, తాను మొద్దునని తెలియని రకానికి ప్రత్యేకించిన మాటట అది. అంటే ఆ బిరుదుకు నా అంత న్యాయం చేసినవాడు ఇంకొకడు ఉండడు.

కొత్తగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరి ఇక్కడికొచ్చే మన పిల్లలు అప్పుడప్పుడు జనక్‌పురిలో మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పండి అంకుల్" అంటారు. పెద్ద పెద్ద ఫైళ్ల రహస్యాలు వింటామని వాళ్ల ఆశ. నాకేమో ఒక అద్దాల తొట్టి గుర్తొస్తుంది. అందుకే ఆ కథ ఒకసారి రాసి పెడితే, వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి కాగితం ఇచ్చేయొచ్చని కూర్చున్నాను.

చివరి కొన్నేళ్ల సర్వీసుకు నన్ను ప్రమోషన్ మీద ఢిల్లీ వేశారు. మాది తీరప్రాంత వ్యవహారాలు చూసే ఆఫీసు. అక్కడి నుంచి ఎటు చూసినా సముద్రం కనపడదు. యమున కనపడుతుంది గాని, దాన్ని చూడకపోవడమే మేలు. ఆ లోటు తీర్చాలనో ఏమో, పూర్వం ఒక పెద్దాయన ముచ్చటపడి కింద హాల్లో గోడ పొడుగునా ఉప్పునీళ్ల అక్వేరియం కట్టించారు. మంచినీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి, లెక్కగా లైట్లు పెట్టి, రాళ్లు పేర్చి పగడాల దిబ్బ తయారు చేశారు. రాళ్లు అసలువే. పగడాలు మాత్రం అచ్చమైనవి కావు, అచ్చుపోసినవి. అసలు పగడాలు పెట్టుకోవడం చట్టం ఒప్పదు. చట్టానికి కాపలా ఉండాల్సిన ఆఫీసులోనే అవి కనపడితే బాగుండదు కదా. చేపలు మాత్రం నిజమైనవే. నారింజ రంగు మీద తెల్ల చారలున్న జంట ఒకటి, పసుపుముద్దలాంటిది ఇంకొకటి, రాళ్ల సందుల్లో దాక్కునే పిరికివి కొన్ని.

ఆ తొట్టి చూసే ఆయన బదిలీ మీద పోయాడు. మా బాస్ నన్ను పిలిచారు.

"మీరు ఆంధ్రా నుంచి కదా?"

"అవును సర్."

"అయితే సముద్రం మీకు పక్కిల్లే."

మా ఊరి నుంచి సముద్రం చూడాలంటే రెండు బస్సులు మారాలి. మారి చూసినా, చీలమండ దాటి దిగను, నాకు భయం. ఈ సంగతంతా హిందీలో చెప్పడానికి నేను వాక్యం కూర్చుకుంటూ ఉండగానే ఆర్డరు టైపు చేయించేశారు. హిందీ మాట్లాడాల్సి వస్తే నాకు నత్తి. నత్తలు తర్వాత వచ్చాయి.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ తొట్టి నాకు అంటగట్టిన పనే అయినా, నెల తిరక్కుండానే దానికి అంటుకుపోయాను. అప్పటిదాకా సర్వీసంతా ఫైళ్లు నడిపాను. ఏ ఫైలూ నన్ను చూసి ఎదురు రాలేదు. ఇక్కడ పొద్దున్నే హాల్లో అడుగు పెడితే ఆ చారల జంట అద్దం దగ్గరికి వచ్చి నోళ్లు తెరిచి నిలబడేది. మేత కోసమేనని నాకు తెలుసు. అయినా సంతోషించడానికి కారణం ఏదైతేనేం.

అలా ఉండగా నాచు పట్టింది. మొదట అద్దం మీద గోధుమ రంగు పొడిలా, తర్వాత రాళ్ల మీద పచ్చటి జుట్టులా. గీకితే రెండు రోజులకు మళ్లీ వచ్చేది. చేపలు మబ్బులో తిరుగుతున్నట్టు కనపడేవి. వారం మీటింగులో నేనే లేచి రిపోర్టు చేశాను.

"సర్, ట్యాంక్ మే బహుత్ నాచు హో రహా హై."

బాస్ కళ్లజోడు తీశారు. "నాచ్? కౌన్ నాచ్ రహా హై?"

హిందీలో నాచ్ అంటే నాట్యమని నాకు తెలుసు. ఆ క్షణంలో మాత్రం తెలీలేదు. పక్క సెక్షన్ అధికారి అందుకున్నాడు. "చేపలు సర్. ప్రమోషన్ వచ్చిందేమో." గదంతా నవ్వింది.

ఈ పక్క సెక్షన్ అధికారి గురించి చెప్పాలి. నా హోదాయే, నాకంటే రెండేళ్లు చిన్న. పుట్టి పెరిగింది ఢిల్లీలోనే. జనక్‌పురిలో మా వెనక బ్లాకు. పొద్దునా సాయంత్రం ఒకే మెట్రో, ఒకరికొకరం భాయిసాబ్. మనిషి మంచివాడు, నోటికే ఆకతాయితనం. అన్నిటికంటే వేగమంటే ప్రాణం. "ఫైలు నా టేబుల్ మీద చల్లారదు భాయిసాబ్" అనేవాడు. నిజమే, చదివితేనే కదా చల్లారేది.

నాచు ముదిరేసరికి మా బాస్ రిటైరయ్యారు. కొత్తగా ఒక మేడమ్ వస్తున్నారని కబురు. బిల్డింగంతా తిరిగి చూసి ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆవిడే తేలుస్తారట. ఆ సందు చూసి మా భాయిసాబ్ ఒక ప్రతిపాదన పెట్టాడు. తొట్టి తీసేసి ఆ గోడకు పెద్ద స్క్రీన్ పెట్టాలని, అందులో సముద్రం వీడియో ఆడించాలని.

"ఆలోచించండి," అన్నాడు మెట్రోలో. "చేపలు చావవు. నీళ్లు మార్చక్కర్లేదు. మీ నాచ్ ఉండదు. స్విచ్ వేస్తే సముద్రం, తీస్తే గోడ."

"మరి ఈ చేపలు?"

"ఎవరో ఒకరు పట్టుకుపోతారు. సర్కారీ మాల్‌కు ఆప్తులు తక్కువా?"

ఆ సాయంత్రం స్టేషన్ దిగి ఇంటికి నడుస్తుంటే గుండెలో ఏదో చేపముల్లు గుచ్చుకున్నట్టుంది. మేడమ్ వచ్చేలోగా నీళ్లు తేటపడకపోతే తొట్టి పోతుంది. తొట్టి పోతే పొద్దున్నే నాకోసం నోరు తెరిచేవాళ్లు ఉండరు. ఆఫీసులో నోరు తెరిచేవాళ్లు చాలామందే గాని, వాళ్ల సంగతి వేరు.

నాచును నత్తలు తింటాయని ఎక్కడో చదివాను. ఆదివారం పూట చేపల దుకాణానికి వెళ్లాను. ఒక గాజుపాత్రలో బంగారు రంగు నత్తలు, ఒక్కోటి నిమ్మకాయంత, కులాసాగా కొమ్ములాడిస్తున్నాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో. దుకాణదారు ఏ తొట్టికని అడగలేదు, నేను చెప్పలేదు. డజను తీసుకున్నాను. ఇంట్లో మా ఆవిడ సంచిలోకి తొంగి చూసి, "పెళ్లైన దగ్గర్నుంచీ నత్తు చేయించమంటున్నాను, ఇన్నాళ్లకు నత్తలు తెచ్చారా" అంది.

సోమవారం పొద్దున వాటిని ఉప్పునీళ్లలో వదిలాను. అన్నీ ఒక్కసారి లోపలికి ముడుచుకుని మూతలు బిగించుకున్నాయి. ప్రయాణపు బడలిక అనుకున్నాను. మర్నాటికి ఆ మూతలు తెరుచుకున్నాయి గాని, లోపల ప్రాణం లేదు. అవి మంచినీళ్ల నత్తలు. నాకు నత్త అంటే నత్తే. మన భాషలో చేలో పాకేదీ, చెరువులో ఉండేదీ, సముద్రంలో ఉండేదీ అన్నిటికీ ఒకటే మాట. ఆ ఒక్క మాటను నమ్మి డజను ప్రాణాలు తీశాను. ఇప్పటికీ అది తలచుకుంటే కాస్త కలుక్కుమంటుంది.

సంగతి టీ వేళకు బిల్డింగంతా పాకింది, నత్తలకంటే చాలా వేగంగా. క్యాంటీన్‌లో అడుగు పెట్టగానే మా భాయిసాబ్ రెండు చేతులూ చాచాడు. "ఆయియే ఆయియే, హమారే ఘోంఘా బసంత్!" అందరూ నవ్వారు. ఆ నవ్వులో నాకు ఓదార్పు వినపడింది. పోయిన నత్తల బాధ మరిపించడానికి బిరుదిచ్చి సత్కరిస్తున్నారు, ఎంతైనా ఉత్తరాదివాళ్లది పెద్ద మనసు అనుకున్నాను. చేతులు జోడించి తల వంచి స్వీకరించాను. వాళ్లు ఇంకా నవ్వారు.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. బఠాణీలు ఒలుస్తోంది. చేయి ఒక్క క్షణం ఆగింది. "బాగుంది" అని మళ్లీ ఒలుచుకుంది.

ఆవిడే ఒక దారి చూపింది. బతుకమ్మ నాడు పరిచయమైన హైదరాబాదు అమ్మాయి ఒకతె గ్రేటర్ నోయిడాలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లోనే ఉప్పునీళ్ల తొట్టి పెంచుతుందని చెప్పింది. శనివారం ఇద్దరం వెళ్లాం. పన్నెండో అంతస్తులో, సోఫా ఉండాల్సిన చోట సముద్రం ఉంది. నీళ్లు ఉన్నాయా లేవా అన్నంత తేటగా. నా కథ మొత్తం విని ఆ అమ్మాయి నోరు వెళ్లబెట్టింది.

"మంచినీళ్ల నత్తల్ని తీస్కపోయి ఉప్పునీళ్లల్ల ఏసిన్రా అంకుల్?"

"నత్త నత్తే కదమ్మా అనుకున్నాను."

"మనిషి మనిషే కద అని మిమ్మల్ని తీస్కపోయి లడఖ్‌ల దించితే ఎట్లుంటది?"

"అక్కడికి పోస్టింగ్ వేస్తే నేనూ మూత పెట్టుకుని పడుకుంటానమ్మా."

"మరి? అవ్వి గూడ గంతే చేసినయ్." నవ్వి టీ తెచ్చింది. "అయినా అంకుల్, అందం జూసి తీస్కునుడు కాదు. ఆకలి జూడాలె. పడితే లేస్తదా లేదా జూడాలె."

తన తొట్టి ముందు కూర్చోబెట్టి పరిచయాలు చేసింది. ఇదేమో టర్బో. బాగా తింటుంది గాని బుల్‌డోజర్. దారిలో ఏదున్నా తోసుకుపోతుంది, మీ అతికించిన పగడాలన్నీ ఊడదీస్తుంది. ఇదేమో నెరైట్, చిన్నది, పనిమంతురాలే. కాకపోతే తొట్టి గోడెక్కి బయటికి పోతుంది, ఉన్నంతసేపూ రాళ్ల మీద తెల్ల చుక్కలు చుక్కలుగా గుడ్లు పెడుతుంది, గీకినా పోవు. ఇసుకలోంచి తొండంలాంటిది బయటికి పెట్టిన ఇంకొకదాన్ని చూపించింది. అది అసలు నాచు ముట్టదు. మాంసం ముక్క పడితే మాత్రం అందరికంటే ముందుంటుంది. నేను వింటూ వింటూ ఒక్కొక్కదానికీ మా ఆఫీసులో ఒక్కొక్క పేరు పెట్టుకుంటున్నాను. ఒకదానికి మాత్రం పేరు దొరకలేదు. అది అస్ట్రియా అట, చుక్కలాంటి చిప్ప, నాచు బాగానే తింటుంది, కాని వెల్లకిలా పడితే తనంతట తాను తిరగబడలేదు. ఎవరో ఒకరు వేలితో తిప్పాలి, లేకపోతే అలాగే పోతుంది. "దీనికి అసిస్టెంట్ కావాలన్నమాట" అన్నాను. అప్పుడు దొరికింది పేరు. నాదే.

చివరికి చూపించినది ట్రోకస్. చిన్న గోపురంలా ఉంది, ఎర్రటి గీతలతో. ఆ అమ్మాయి దాన్ని మెల్లగా తీసి ఇసుక మీద తలకిందులుగా పెట్టింది. "జూడుండ్రి" అంది. చూశాం. టీ చల్లారింది. అది మెడ చాచింది, మళ్లీ చాచింది, పాదం మెలితిప్పి ఇసుకను పట్టుకుని మెల్లగా తనను తాను నిటారుగా చేసుకుంది. ఏమీ జరగనట్టు అద్దం వైపు పోయింది.

"ఇదే కావాలమ్మా" అన్నాను. నా వేలు అప్పటికే అద్దం మీద దాని వెంటే పోతోంది. మా ఆవిడ అటు తిరిగి కిటికీలోంచి చూసింది.

"ఓ ముప్పై తీసుకోనా?"

"పది చాలు. నాచు అయిపోతే ఆకలికి సస్తయ్. మీ ఆఫీసు లెక్క కాదు అంకుల్, పనిలేకున్నా కూసోబెట్టి జీతమియ్యనీకి." తర్వాత ఇంకో మాట కూడా అంది. "పొడుగు నాచు అవ్వి తినయ్, మీరే చేత్తోటి పీకాలె. ఇంకోటి. నాచు ఊకెనే రాదు. దానికెవలో తిండి పెడుతున్నరు. ఎవలో కనుక్కోండ్రి."

సముద్రపు నత్తల్లో కొన్నిటిని పట్టడమే నేరమని నాకు తెలుసు, అది మా ఆఫీసు పనే గనక. అందుకని పెంపకంలో పుట్టినవే, కాగితాలతో సహా, ఆ అమ్మాయి చెప్పిన చోటే తెప్పించాను. తేవడం ఒక ఎత్తు, దించడం ఒక ఎత్తు. ఒక్కసారి నీళ్లలో వేయకూడదు. అవి వచ్చిన నీళ్లతోనే బకెట్లో ఉంచి, తొట్టిలోంచి సన్నటి ట్యూబు వేసి, దానికొక ముడి వేసి, కొత్త నీళ్లు చుక్క చుక్కగా వాటికి అలవాటు చేయాలి. గంటల తరబడి. అందుకని ఆ రోజు తొట్టి వెనక, గోడకూ అద్దానికీ మధ్యనున్న సందులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. పొద్దున వచ్చేటప్పుడే మా భాయిసాబ్ తొంగి చూశాడు. "క్యా భాయిసాబ్, ఘోంఘాలకు గ్లూకోజ్ ఎక్కిస్తున్నారా?"

"గ్లూకోజ్ కాదు, సెలైన్" అన్నాను. ఉప్పునీళ్లే గనక అబద్ధం కాదు. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉండిపోతానని ఆయన అనుకోలేదు.

లంచ్ వేళ హాలు ఖాళీ అయింది. నేను చుక్కలు చూస్తూ కూర్చున్నాను. నీళ్ల అవతల, పచ్చటి మబ్బులోంచి ఒక మొహం పెద్దదై వచ్చింది. భాయిసాబే. అటూ ఇటూ చూశాడు, జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. మూత పక్కకు జరిపి, గోధుమపిండి ఉండలు ఒక్కొక్కటే నీళ్లలోకి వదిలాడు. చేపలు రెండు పొడిచి వదిలేశాయి. ఉండలు రాళ్ల మీద పడి తెల్లగా కరుగుతున్నాయి.

ఢిల్లీలో ఉన్నవాళ్లకు తెలుసు. గ్రహాలు బాగాలేకపోతే చేపలకు పిండి ఉండలు వేయమంటారు. యమున దాకా ఎవరు పోతారు, ఆఫీసు హాల్లోనే చేపలుంటే? అది ప్రమోషన్ల కమిటీ కూర్చునే కాలం. భాయిసాబ్ వెళ్లిన కాసేపటికి అకౌంట్స్ నుంచి ఒకాయన వచ్చాడు. తర్వాత ఒకావిడ, కొంగుచాటున. అందరి ప్రమోషన్లూ ఆ నీళ్లలోనే కరుగుతున్నాయి. నా నాచు ఎవరి చలవో అప్పుడర్థమైంది. మీటింగులో ఆయనన్న మాట కూడా గుర్తొచ్చింది, చేపలకు ప్రమోషన్ వచ్చిందని.

పైకి రిపోర్టు చేయొచ్చు. తొట్టి తీసేయమన్న మనిషే దాన్ని పాడుచేస్తున్నాడంటే ఆయన ప్రతిపాదన అక్కడితో సరి. ఆ మాట నాకు తోచలేదని అనను. కాని కళ్లు మూసుకున్న ఆ మొహం చూశాను కదా. అంతకు ముందు రెండుసార్లు ఆయన పేరు జాబితాలోంచి జారిపోయిందని నాకు తెలుసు. ఆ సాయంత్రం మెట్రోలో నెమ్మదిగా కదిపాను.

"భాయిసాబ్, పిండి ఉండలు నదిలో చేపలకు వేయాలా, సముద్రం చేపలకా?"

ఆయన మొహం తెల్లబోయింది. "ఎందుకు?"

"మా వైపు పంతుళ్లు ఇలాంటివి గట్టిగా చూస్తారు లెండి. ఏ పరిహారమైనా పారే నీళ్లకే అంటారు. సముద్రం చేపలు ఆ గ్రహం పరిధిలోకి రావు. వేరే డిపార్ట్‌మెంట్. దరఖాస్తు తప్పు సెక్షన్‌కు వెళ్తే ఏమవుతుందో మీకు తెలియంది కాదు."

పంతుళ్లు అలా అంటారో లేదో నాకు తెలీదు. దరఖాస్తు మాట మాత్రం ఆయన లోపలికి దిగింది. రెండు స్టేషన్లు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, "తిరిగి వస్తుందంటారా?" అన్నాడు.

"రిమార్కులతో సహా."

వారం తిరిగేలోగా హాల్లో ఉండలు ఆగిపోయాయి. ఆ మాట ఆయనే అందరికీ చెప్పినట్టున్నాడు, వేగమంటే ప్రాణం కదా. ఆ శనివారాల్లో యమున చేపలకు పండగే అయుంటుంది.

పొడుగు నాచు నేను పీకాను, మిగతాది ఆ గోపురం నత్తలు తిన్నాయి. నెమ్మదిగా, ఎవరూ చూడనప్పుడు జరిగినట్టుగా, నీళ్లు తేటపడ్డాయి. రోజూ పొద్దున ఎన్ని పడ్డాయో చూడబోతే, అన్నీ లేచే ఉండేవి. ముందరి అద్దం మొత్తం గీకేద్దామనుకుంటే ఆ అమ్మాయి ఫోనులో కోప్పడింది. "వాటికి గింత బువ్వ ఉండనియ్యిండ్రి అంకుల్." అందుకని ఒక మూల పలచటి పచ్చపొర వదిలేశాను.

మేడమ్ వచ్చిన రోజు సరిగ్గా ఆ మూలనే భాయిసాబ్ వేలు పెట్టాడు.

ఆ పొద్దున బిల్డింగంతా హాల్లోనే ఉంది. ప్రతి అంతస్తు వాళ్లూ ఒక్కో పూలగుత్తితో. మేడమ్ పొట్టిగా, తెల్లజుట్టుతో, ఎవరి గుత్తీ అందుకోకుండా నడిచి వచ్చి తొట్టి ముందు ఆగారు. భాయిసాబ్ ముందుకు వచ్చాడు. "మేడమ్, చూడండి, ఇంకా పాచి పోలేదు. స్క్రీన్ అయితే..."

మేడమ్ ఆ మూలకు వంగారు. అక్కడ ఒక గోపురం అద్దానికి అతుక్కుని మెల్లగా పైకి పోతోంది. దాని వెనక, పచ్చపొరలో, వేలెడు వెడల్పున శుభ్రమైన దారి. ముందు పచ్చన, వెనక తేట. చిన్న నోరు తెరుచుకోవడం, మూసుకోవడం అద్దంలోంచి కనపడుతోంది. ఆవిడ అలాగే వంగి చూస్తూ ఉండిపోయారు. హాలు మొత్తం పూలగుత్తులతో నిలబడి ఉంది.

"ఇది ఏం చేస్తోంది?" అన్నారు హిందీలో.

"కామ్, మేడమ్" అన్నాను. పని చేస్తోందని. ఆ కంగారులో నోటికొచ్చిన హిందీ అంతే.

ఆవిడ నిటారుగా నిలబడి మమ్మల్నందరినీ ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా చూశారు. "అచ్ఛా. అంటే ఈ టైములో ఈ బిల్డింగులో పని చేస్తున్నది ఇదొక్కటేనన్నమాట."

పూలగుత్తులు ఒక్కొక్కటే వీపుల వెనక్కి వెళ్లాయి.

"దీన్ని చూసుకునేది ఎవరు?"

నేను ఒకడుగు ముందుకేశాను. ఛాతీ కూడా కాస్త ముందుకేశాను. "నేనే మేడమ్. ఇక్కడందరూ నన్ను ఘోంఘా బసంత్ అంటారు."

తొట్టిలో మోటారు చప్పుడు అప్పుడు వినిపించినంత స్పష్టంగా ఎప్పుడూ వినిపించలేదు. మేడమ్ కళ్లు చిన్నవయ్యాయి. "అలా అని ఎవరు పేరు పెట్టారు?"

భాయిసాబ్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ప్రమోషన్ల జాబితా మీద సంతకం పెట్టేది ఈవిడే. నాకవేవీ తట్టలేదు. ఇంత మంచి పేరు ఒక్కడి ఖాతాలో వేయడం అన్యాయమనిపించింది.

"అందరూ కలిసి, మేడమ్. ప్రేమతో."

ఆవిడ నన్ను చాలాసేపు చూశారు. ఆ మొహంలో ఏదో వచ్చి పోయింది. నవ్వో, మరేమిటో. "ట్యాంక్ ఉంటుంది. స్క్రీన్ అక్కర్లేదు" అని లిఫ్ట్ వైపు నడిచారు.

ఆ సాయంత్రం మెట్రోలో భాయిసాబ్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. "మీరు తలుచుకుంటే నా పేరు చెప్పేవాళ్లు. అంత అవమానం మింగి నన్ను కాపాడారు. ఎంత పెద్ద మనసు భాయిసాబ్ మీది."

"అవమానం ఏమిటి?" అన్నాను.

ఆయన చేతులు వదిలేశాడు. నా మొహంలోకి చూశాడు. బిరుదు ఎంత సార్థకమో ఆ క్షణంలో ఆయనకు పూర్తిగా తెలిసొచ్చి ఉండాలి. తర్వాతి స్టేషన్ వచ్చేదాకా నెమ్మదిగా, మాట తర్వాత మాట, అర్థం చెప్పాడు.

ఇంటికెళ్లి చెప్పులు విప్పకుండానే అడిగాను. "ఘోంఘా బసంత్ అంటే నీకు తెలుసా?"

"తెలుసు."

"మొదట్నుంచీనా?"

"కూరల బండివాడు వాళ్ల మేనల్లుణ్ని రోజూ అదేగా తిట్టేది."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ స్టవ్ దగ్గర నుంచి తిరగలేదు. "ఇన్నేళ్లలో ఆఫీసు నుంచి అంత వెలుగు మొహంతో ఎప్పుడూ రాలేదు మీరు. నేనెందుకు ఆర్పాలి?"

ఆ రాత్రి భోజనంలోకి బఠాణీ కూర. నాకు ఇప్పటికీ అంత రుచిగా ఏ కూరా గుర్తులేదు. మరుసటి వారమే నత్తు చేయించాను. ఆవిడ పెట్టుకుని అద్దంలో చూసుకుని, "దీనికీ సెలైన్ ఎక్కించాలా" అంది.

భాయిసాబ్‌కు ఆ ఏడు ప్రమోషన్ వచ్చింది. అది నది చేపల చలవని ఆయన నమ్మకం. నేను కాదనలేదు. ఇంకొన్నాళ్లకు నా రిటైర్మెంట్ వచ్చింది. తొట్టి బాధ్యత ఎవరికి ఇవ్వాలని మేడమ్ అడిగితే ఆయనే చెయ్యెత్తాడు. అప్పటికి రోజూ లంచ్‌లో ఆ గోపురాల ముందు నిలబడడం ఆయనకూ అలవాటైంది. ఖాళీ చేతులతోనే.

వీడ్కోలు సభకు ముందు రోజు నా గదికి వచ్చాడు. "భాయిసాబ్, మీకు నేను బిరుదిచ్చాను. తప్పే అనుకోండి. నాకు మీ భాషలో మంచిది ఒకటి ఇవ్వండి. రేపు మీ తెలుగువాళ్లంతా వస్తారు కదా, చెప్పుకుంటాను. నా వేగం తెలియాలి అందులో."

చాలాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టాను. నిజానికి ఆలోచించలేదు. మూడు నెలలుగా కాదు, అప్పటికి ఏడాది పైగా ఆ మాట నా నాలుక చివరే ఉంది.

"నత్తనడక" అన్నాను.

"నత్త... నడక. అంటే?"

"నడక అంటే చాల్. నత్త అంటే, చూడండి, మేడమ్ వచ్చిన రోజు బిల్డింగు మొత్తంలో పని ఆపనిది ఎవరో, దాన్నే మేం నత్త అంటాం."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన కళ్లు మెరిశాయి. మర్నాడు సభలో మైకు పట్టుకుని, "మై ఇస్ ఆఫీస్ కా నత్తనడక హూఁ", ఈ ఆఫీసు నత్తనడకను నేనే, అని మూడుసార్లు అన్నాడు. తెలుగువాళ్లం మూడుసార్లు చప్పట్లు కొట్టాం. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి తెలుగు అక్షరాల్లో టైపు చేయించుకున్నాడు. ఇప్పుడది ఆయన ఫోనులో పేరు కింద ఉంటుంది. గది తలుపు మీద కూడా అతికించాడని విన్నాను. ఫైళ్లు పట్టుకుని అటు వెళ్లిన మన తెలుగు పిల్లలు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, గౌరవంగా లోపలికి పోతున్నారట.

ఆ ఆఫీసులో చేరబోయేవాళ్లు ఈ కాగితం చదువుతున్నట్టయితే ఒక్క మనవి. నేను మూడు నెలలు మోశాను గనక, ఆయన్నీ మూడు నెలలు మోయనివ్వండి. ఆ తర్వాత చెప్పదలుచుకుంటే చెప్పండి. కాని ఒక్కసారి కుమ్మరించకండి. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, చుక్క చుక్కగా దించండి.